ముక్కు చెప్పేది, చెప్పనిది

మురుగు కంపు మీద వచ్చే ఫిర్యాదులన్నిటికీ ఉమ్మడి కథ ఒకటి ఉంది. ఫిర్యాదు చేసినవారు రాత్రి పది గంటలకు కిటికీలు బిగించుకుని, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. పరిశీలించాల్సిన అధికారి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు గంటలకు వస్తారు. అప్పటికి అక్కడ ఏ వాసనా ఉండదు. ‘పరిశీలించగా ఏమీ కనబడలేదు’ అని కాగితం మీద రాసుకుని ఆయన వెళ్లిపోతారు. మొక్కుబడిగా వచ్చి చేతులు దులుపుకున్నారని వీరు తిట్టుకుంటారు. నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

పగటి ఎండకు నేల వేడెక్కినప్పుడు దాన్ని అంటిపెట్టుకున్న గాలి పైకి లేస్తుంది. కంపును కూడా మోసుకుపోయి పలుచన చేసేస్తుంది. పొద్దుగూకాక నేల తొందరగా చల్లబడుతుంది. చల్లటి గాలి కింద పరుచుకుంటే, వెచ్చటి గాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. ఆ మూత కింద మ్యాన్‌హోల్ నుంచి వచ్చిన వాయువు ఎటూ పోలేక వీధి ఎత్తులోనే పారాడుతుంది. పైగా ఉదయం, సాయంత్రం ఇళ్లన్నిటిలో ఒకేసారి నీటి వాడకం పెరుగుతుంది. గొట్టంలో నీటిమట్టం లేచేసరికి అక్కడున్న గాలికి చోటు చాలక, దొరికిన సందుల్లోంచి బయటికి వస్తుంది. కంపుకు ఒక దినచర్య ఉంది. ఆఫీసు వేళలతో అది కలవదు.

కాలువ పొంగితే కంటికి కనబడుతుంది, ఫొటో తీసి చూపించవచ్చు. కంపుకు ఫొటో లేదు. స్థానిక ప్రజారోగ్య విభాగాల పనిలో ఇంత చులకనగా చూడబడేదీ, ఇంత నేర్పు కావాల్సిందీ ఇంకొకటి లేదని నా అభిప్రాయం. కంపునే జబ్బుగా చూస్తే దాని మీద ఏదో పొడి చల్లి ఊరుకుంటాం. దాన్ని సాక్షిగా చూస్తే, దాదాపు ప్రతిసారీ అది మనల్ని ఎక్కడో పగిలిన, పూడిన, లేదా ఎండిపోయిన ఒక వస్తువు దగ్గరికి తీసుకువెళ్తుంది. అయితే ఈ సాక్షి చెప్పేదంతా నిజం కాదు. చెప్పకుండా దాచేవి కూడా ఉన్నాయి.

కంపే జబ్బు అని నమ్మిన కాలం ఒకటి నిజంగానే ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా ఐరోపాలో వైద్యులు, పాలకులు చాలామంది చెడుగాలి వల్లే రోగాలు వస్తాయనుకున్నారు. ఇంగ్లండులో పారిశుధ్య సంస్కరణలకు ఆద్యుడైన ఎడ్విన్ చాడ్విక్ కూడా అలా అనుకున్నవాడే. ఆ నమ్మకంతోనే లండన్ ఇళ్ల కింద గుంతల్లో నిలవ ఉన్న మలినాన్ని కాలువల్లోకి, వాటి గుండా థేమ్స్ నదిలోకి కడిగించారు. ఇళ్ల దగ్గర కంపు తగ్గింది. కానీ నగరంలో చాలా భాగం తాగేది ఆ నది నీళ్లే. 1848-49 కలరాలో ఒక్క లండన్‌లోనే 14 వేలమందికి పైగా చనిపోయారు. కలరా గాలిలో కాదు, నీటిలో ఉందని జాన్ స్నో అనే వైద్యుడు 1849లోనే రాశాడు. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ తాగునీటి పంపు చుట్టూ జరిగిన మరణాలను ఇల్లిల్లూ తిరిగి లెక్కకట్టి చూపించాడు. అధికారులు పంపు పిడి తీయించారు గానీ, ఆయన సిద్ధాంతాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

1858 వేసవిలో థేమ్స్ భరించలేనంతగా కంపు కొట్టింది. నది ఒడ్డునే ఉన్న పార్లమెంటులో కిటికీ తెరలను క్లోరైడ్ ఆఫ్ లైమ్ కలిపిన నీళ్లలో ముంచి వేలాడదీశారు. మనం బ్లీచింగ్ పౌడర్ అని పిలిచేది అదే. తెరలు పని చేయలేదు. పార్లమెంటు 18 రోజుల్లో చట్టం చేసింది. ఇంజనీరు జోసెఫ్ బజల్‌గెట్ సుమారు 130 కిలోమీటర్ల పొడవున పెద్ద మురుగు సొరంగాలు తవ్వించి, మురుగును నగరం దాటించాడు. చేసినవారి ఉద్దేశం కంపును వదిలించుకోవడం. ఫలితంగా వదిలింది కలరా. 1866లో ఆ రోగం మళ్లీ వచ్చినప్పుడు ప్రధానంగా దెబ్బ తిన్నది తూర్పు లండన్. కొత్త మురుగు వ్యవస్థ ఇంకా పూర్తికాని ప్రాంతం అది. తప్పు కారణంతో ఒప్పు పని చేయడానికి చరిత్రలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

ఆ తెరల వారసత్వం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. కంపు అనగానే కాలువ గట్టు వెంట తెల్లటి పొడి చల్లడం అలాంటిదే. క్లోరిన్ ఆ కాసేపు వాయువును విరిచేస్తుంది, తన ఘాటుతో మిగతా వాసనను కప్పేస్తుంది. కాలువ అడుగున ఉన్న పూడిక అలాగే ఉంటుంది. ఇంకా నష్టం ఏమిటంటే, మూలం వెతకడానికి వచ్చినవారికి ఆ రోజు ముక్కుకు అందే ఆధారమేదీ మిగలదు.

ఇంతకీ కంపు ఎక్కడ పుడుతుంది? పారే మురుగు మనం అనుకున్నంత కంపు కొట్టదు. అందులో కొంత ప్రాణవాయువు కరిగి ఉన్నంతసేపు సూక్ష్మజీవులు దానితోనే పని నడిపిస్తాయి. మురుగు ఆగిందంటే కొద్ది గంటల్లోనే ఆ ప్రాణవాయువు అయిపోతుంది. అప్పుడు ఇంకో రకం సూక్ష్మజీవులకు రాజ్యం వస్తుంది. నీటిలోని సల్ఫేట్ నుంచి ఆక్సిజన్ లాక్కుని, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదలడం వాటి పని. కుళ్లిన గుడ్డు వాసన అదే. గొట్టం గోడలకు పట్టిన జిగురు పొర వీటికి ఇల్లు. కాబట్టి కుళ్లిన గుడ్డు వాసన వస్తోందంటే, పైన ఎక్కడో మురుగు పారడం మానేసి నిలవ ఉంటోందని అర్థం.

‘పైన ఎక్కడో’ అన్న మాట ముఖ్యం. పుట్టిన వాయువు చాలావరకు నీటిలోనే కరిగి ప్రయాణిస్తుంది. నీరు ఎత్తు నుంచి దూకే చోట, మలుపు తిరిగి కల్లోలమయ్యే చోట, పంపు తోసిన మురుగు గొట్టం నుంచి బయటపడే చోట అది ఒక్కసారిగా విడుదలవుతుంది. తప్పు ఒక వీధిలో జరిగితే కంపు ఇంకో వీధిలో కొడుతుంది. ఫిర్యాదు వచ్చిన ఇంటి ముందు మాత్రమే తవ్వి చూసి, ఏమీ దొరకలేదని పూడ్చేసే పనుల్లో చాలావాటి కథ ఇదే.

ఆ వాయువుతో ముక్కుకు సంబంధం లేని ఇంకో నష్టం కూడా ఉంది. గొట్టం పైకప్పు లోపల పట్టిన తేమలో అది సూక్ష్మజీవుల వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం కాంక్రీటును పై నుంచి తింటూ వస్తుంది. ఏళ్లు గడిచాక ఒక రోజు రోడ్డు కుంగుతుంది. అంటే కుంగిన రోడ్ల మీద ఏళ్ల ముందే ఎవరో కంపు ఫిర్యాదు ఇచ్చి ఉండవచ్చు.

మురుగు ఎందుకు ఆగుతుంది? వాలు చాలకపోవడం ఒక కారణం. నాలుగు అంగుళాల గొట్టానికి నలభై అడుగులకు ఒక అడుగు, ఆరు అంగుళాలదానికి అరవైకి ఒకటి వాలు ఉండాలన్నది ఇంజనీర్ల పాత లెక్క. నీటితోపాటు గట్టి పదార్థం కూడా కొట్టుకుపోవాలంటే సెకనుకు రమారమి 60 నుంచి 75 సెంటీమీటర్ల వేగం కావాలి. నేల కుంగి గొట్టం నడుమ చిన్న పల్లం ఏర్పడినా అక్కడ చెరువు కడుతుంది. ఇంకో కారణం కొవ్వు. వేడి నీళ్లతో పోసిన నూనె గొట్టంలో చల్లబడి గోడకు పట్టుకుంటుంది. నీటిలోని కాల్షియంతో కలిసి సబ్బులాంటి గట్టి పదార్థమవుతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతపు మురుగు గొట్టంలో ఇలాంటి దిమ్మ ఒకటి బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులని లెక్క తేలింది. తుడుచుకునే తడి గుడ్డలు ఆ కొవ్వులో చిక్కుకుని, గోడ కట్టడానికి గడ్డి కలిపినట్టు పని చేశాయి.

ఇప్పటిదాకా వీధి సంగతి. ఇంట్లో వచ్చే మురుగు వాసన కథ చాలావరకు ఒకే ఒక వంపు చుట్టూ తిరుగుతుంది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు నీళ్ల మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. అందులో గొట్టాన్ని ఎస్ ఆకారంలో వంచాడు. వంపులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. కిందికి పోయే నీటిని ఆ నీరు ఆపదు, పైకి వచ్చే వాయువును మాత్రం ఆపుతుంది. ప్లంబర్లు నహానీ ట్రాప్ అన్నా, గల్లీ ట్రాప్ అన్నా సూత్రం ఇదే. మనకూ మురుగు గొట్టానికీ మధ్య ఉన్న తలుపు ఐదు సెంటీమీటర్ల నీరు, అంతే.

ఆ తలుపు ఎన్ని రకాలుగా తెరుచుకుంటుందో చెప్పాలంటే కాస్త ఓపిక కావాలి. వాడని స్నానాలగదిలో నీరు కొన్ని వారాల్లో ఆవిరైపోతుంది. వంపులో చిక్కిన వెంట్రుకల ముడి దీపపు వత్తిలా నీటిని పీల్చి అవతలికి జార్చేస్తుంది. పై అంతస్తు నుంచి ఒక్కసారిగా దిగిన నీరు వెనక గాలి లేని చోటును మిగిల్చి, కింది అంతస్తు ట్రాప్‌లోని నీటిని లాగేస్తుంది. ఎవరో పైన బకెట్టు కుమ్మరించినప్పుడు మీ సింకు గుడగుడమంటే జరుగుతున్నది అదే. దాన్ని ఆపడానికే మురుగు గొట్టాన్ని డాబా మీదికి పొడిగించి గాలి గొట్టం పెడతారు. పక్షి గూడు కట్టినా, పై అంతస్తు వేసేటప్పుడు ఎవరో దాన్ని మూసేసినా గుడగుడ మొదలవుతుంది. అన్నిటికంటే బాధాకరమైనది, నీళ్లు నెమ్మదిగా పోతున్నాయని ట్రాప్‌నే పీకేసి నేరుగా గొట్టం కలిపేయడం. నీళ్లు చకచకా పోతాయి. ఇంటివారు మెచ్చుకుంటారు. వాసన మొదలయ్యేసరికి ఆ పనికీ ఈ కంపుకీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు.

ముక్కు మోసం చేసే చోటు గురించి ఇక్కడే చెప్పుకోవాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ వంద కోట్ల భాగాల గాలిలో కొద్ది భాగాలు ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. అదే వాయువు పది లక్షల భాగాలకు వంద భాగాల స్థాయికి చేరితే, కొద్ది నిమిషాల్లోనే వాసన నరం మొద్దుబారిపోతుంది. ఇంకా పెరిగితే ప్రాణం తీస్తుంది. మ్యాన్‌హోల్‌లోగానీ సెప్టిక్ ట్యాంకులోగానీ పూడికను కదిపినప్పుడు వాయువు ఒక్కసారిగా లేస్తుంది. ‘ఇప్పుడు వాసన రావడం లేదు’ అన్న మాట అక్కడ ధైర్యం చెప్పే మాట కాదు. మొదటి మనిషి పడిపోయాడని కాపాడబోయిన రెండో మనిషి, మూడో మనిషి కూడా పోయిన ఘటనలు లోకమంతటా ఉన్నాయి. వాయువును కొలిచే పరికరం, గాలి సరఫరా, పైనుంచి లాగే తాడు, పైన కాపలా లేకుండా ఎవరినీ లోపలికి దించకూడదు. కంపు ఫిర్యాదును తీర్చే తొందరలో మరిచిపోయే మొదటి నియమం ఇదే.

అసలు పెద్ద ప్రమాదాల్లో కొన్నిటికి వాసనే ఉండదు. తాగునీటి గొట్టం మురుగు కాలువను దాటే చోట చిన్న బీట ఉందనుకోండి. సరఫరా ఆగిన వేళ గొట్టంలో ఒత్తిడి పడిపోయి, చుట్టూ ఉన్న మురుగును అది లోపలికి పీల్చుకుంటుంది. గ్లాసులో నీళ్లు తేటగానే కనబడవచ్చు. దోమల సంగతీ అంతే. కంపు కొట్టే మురుగులో పెరిగేది ప్రధానంగా క్యూలెక్స్ దోమ. రాత్రుళ్లు నిద్ర చెడగొడుతుంది, బోదకాలు వ్యాపించే ప్రాంతాల్లో ఆ రోగాన్ని మోస్తుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ పెరిగేది పూలకుండీ పళ్లెంలో, మూతలేని తొట్టెలో, పాత టైరులో నిలిచిన శుభ్రమైన నీటిలో. డెంగీ వచ్చిందని మురుగు కాలువ మీద మందు కొట్టడం, ముక్కు మాట విని దోమను వదిలేయడమే.

మరి జబ్బు తేకపోతే కంపును పట్టించుకోనక్కరలేదా? చట్టం ఇక్కడ తెలివిగా నడిచింది. ఇంగ్లండులో ఇప్పుడు అమల్లో ఉన్న 1990 నాటి పర్యావరణ చట్టం ‘ఆరోగ్యానికి హానికరం లేదా న్యూసెన్స్’ అంటుంది. ఆ ‘లేదా’లోనే అంతా ఉంది. మనిషి తన ఇంట్లో కిటికీ తెరిచి కూర్చోలేకపోతే, అన్నం సహించకపోతే, నిద్ర పట్టకపోతే, జబ్బు పడ్డట్టు డాక్టరు చీటీ తేనక్కరలేదు.

అయితే ఎవరి ముక్కును నమ్మాలి? పరిశీలకులు మామూలుగా ఐదు విషయాలు చూస్తారు. వాసన ఎంత తరచుగా వస్తోంది, ఎంత గాఢంగా ఉంది, ఎంతసేపు ఉంటోంది, ఎంత రోత పుట్టిస్తోంది, ఎలాంటి చోట వస్తోంది. ఏడాదికి ఒకసారి గంటసేపు వచ్చే ఘోరమైన కంపు కంటే, రోజూ రాత్రంతా ఉండే ఓ మోస్తరు కంపు పెద్ద న్యూసెన్స్ కావచ్చు. ప్రయోగశాలలో అయితే యూరప్ ప్రమాణం ప్రకారం కనీసం నలుగురు మనుషులకు ఆ గాలిని పలుచన చేస్తూ వాసన చూపిస్తారు. సగంమందికి అందే హద్దును ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. ఆ నలుగురినీ ముందుగా బ్యూటనాల్ అనే రసాయనంతో పరీక్షిస్తారు. మరీ చురుకైన ముక్కుకూ, మరీ మొద్దు ముక్కుకూ అక్కడ ఉద్యోగం లేదు. ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా చివరి తీర్పు మనిషి ముక్కుదే కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

వీధిలో పని చేసే అధికారికి ఆ సదుపాయం ఉండదు. ఆయన దగ్గర ఉన్నది తన ముక్కు, అది కూడా కాసేపటికే అలవాటుపడిపోతుంది. అందుకే గాలి వచ్చే వైపున, కంపు లేని చోట మొదలుపెట్టి, అడ్డంగా నడుస్తూ హద్దు ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. అత్తరు పూసుకుని వెళ్తే ఆ పూట పని చెడినట్టే. అది వంటగ్యాసు వాసన కాదని ముందుగా తేల్చుకోవాలి. ఆ గ్యాసుకు సొంత వాసన లేదు, లీకు తెలియడానికి గంధకపు కంపును కావాలనే కలుపుతారు, కాబట్టి పొరబడటం తేలిక. తర్వాత మూలం కోసం వెతుకులాట. అనుమానం ఉన్న ఇంటి మరుగుదొడ్డిలో రంగు నీళ్లు పోసి గొట్టాలు కలిసే ఏ చాంబరులో తేలుతాయో చూస్తారు. గొట్టంలోకి హాని లేని పొగను ఊది, ఏ గోడ పగులులోంచి, ఏ ఎండిన ట్రాప్‌లోంచి లేస్తుందో కనిపెడతారు. అప్పటికీ తేలకపోతే కెమెరా పంపుతారు. వాన లేని రోజుల్లో వాననీటి కాలువలో నీరు పారుతుంటే, ఎవరిదో ఇంటి మురుగు అందులో కలిసిందని సగం తెలిసిపోయినట్టే. రంగు నీళ్లు మిగతా సగాన్ని చెబుతాయి.

మూలం దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది: బాగు చేయాల్సింది ఎవరు? ఇంటి గొట్టం ఇంటివారిది, వీధి గొట్టం పురపాలకానిది, రోడ్డు పక్క కాలువ ఇంకో శాఖది, పంపు మరొకరిది. కాగితం వీరి చుట్టూ తిరుగుతుండగా కంపు మాత్రం తన చోటనే ఉంటుంది. 1847లో లివర్‌పూల్ నగరం ఒక వైద్యాధికారిని, ఒక ఇంజనీరును, ఒక న్యూసెన్స్ ఇన్‌స్పెక్టరును నియమించింది. ఒకరు జబ్బును, ఒకరు గొట్టాన్ని, ఒకరు గడపను చూస్తారు. ఆ ముగ్గురూ ఒకే నగరానికి జవాబుదారులు. ఇప్పుడు ఆ మూడు పనులూ మూడు కార్యాలయాలకు చెదిరిపోయిన చోట్ల ఫిర్యాదు ఎందుకు ఏళ్లకేళ్లు నలుగుతుందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

డబ్బు లేదన్న జవాబు కూడా పాతదే. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డువాసులు తెరిచి ఉన్న కాలువల మీద, కంపు మీద, సారా కర్మాగారం వదిలే వ్యర్థపు నీటి మీద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. కాలువలు కట్టడానికి తమ దగ్గర నిధులు లేవని పురపాలక సంఘం వాదించింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ధనాభావం చట్టబద్ధమైన బాధ్యతను తప్పించదని 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. అక్కడ వాడింది అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్. ప్రజలకు కలిగే న్యూసెన్స్‌ను తొలగించమని మేజిస్ట్రేటు ఆదేశించగల ఆ అధికారం ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్‌లో ఉంది. కోర్టుకు వెళ్లినా సరే, మూలం ఎక్కడుందో చూపించే ఆధారం లేకపోతే ఆదేశం ఎవరి మీద ఇవ్వాలో తేలదు.

ఆ ఆధారంలో మొదటి పేజీ రాయగలిగేది ఫిర్యాదుదారే. ‘భరించలేని దుర్వాసన, తక్షణం చర్య తీసుకోండి’ అన్న వాక్యంతో అధికారి చేయగలిగేది చాలా తక్కువ. రెండు వారాలపాటు ఒక పుస్తకంలో తేదీ, వేళ, ఎంతసేపు ఉంది, గాలి ఎటు నుంచి వీస్తోంది, వాన పడిందా, వాసన కుళ్లిన గుడ్డులా ఉందా, ఉచ్చ వాసనలా ఉందా, మాడిన నూనెలా ఉందా, ఇంట్లో ఏ గదిలో ముందు తెలిసింది అని రాసుకుంటే, అది చూసినవారు ఆఫీసు వేళలు పక్కన పెట్టి రాత్రి పదింటికి రావాల్సి ఉంటుందని అర్థం చేసుకుంటారు. ఇరుగుపొరుగు నాలుగిళ్లవారు విడివిడిగా రాస్తే, ఆ పేజీలను పక్కపక్కన పెట్టి కంపు ఏ దారిన వస్తోందో గీత గీయవచ్చు.

పుస్తకం తెరిచే ముందు మాత్రం ఇంట్లో ఎవరూ వాడని ఆ మూల గదిలోకి వెళ్లి, నేల మీది జాలీలో రెండు చెంబుల నీళ్లు పోసి, మర్నాటి దాకా ఆగి చూడండి.